చింతమొద్దు ఖాతా

మే నెల గాలిదుమారానికి
పార్సిగుట్ట మూలమలుపు చింతచెట్టు
కరెంటు తీగల మీదికి ఒరిగి
రాత్రంతా బస్తీని చీకట్ల కూసోబెట్టింది.
తెల్లారి మున్సిపాలిటోళ్లు రంపం మిషన్ తెచ్చి
మొద్దులు మొద్దులు కోసి
"ఎవలకు కావాల్నో తీస్కపోండ్రి" అన్నరు.
కిరాణాకొట్టు షట్టర్ సగం ఎత్తినదాన్ని
అట్లనే ఇడిసి ఉరికిన.

ఇంట్ల గీజరుంది, కొడుకు పెట్టించిండు.
ఆ నీళ్లు కాలుతయి గని ఒంటికి పట్టయి.
పెరట్ల మా అత్త రాగి బాయిలరుంది.
దానికి కట్టె తప్ప ఇంకోటి రుచించదు.

గౌస్ మియా గొడ్డలి పట్టుకొని వచ్చిండు.
టింబర్ డిపోల ముప్పై ఏండ్లు చేసిన మనిషి.
రాంగనే ఏటు వెయ్యడు.
మొద్దు చుట్టు తిరుగుతడు, అరచేత్తో తడుముతడు,
యాడ చీలాల్నో అదే చెప్తదట.
చింత మొండిది.
లోపల పేగులు మెలేసుకొని పడుకుంటది.
ఇనుప మేకు దిగ్గొడితే
మొదటి దెబ్బకు నవ్వినట్టు చప్పుడు,
పదో దెబ్బకు నిట్టూర్పు,
పదకొండుకు గులాబి రంగు గుండె బయటవడ్డది
తడితడిగ, పుల్లటి వాసనతోని.

"ఇప్పుడే పొయ్యిల పెడితే పొగ తింటవమ్మా.
ఏడాది ఆగు."

ఏడాదా?
నా కొట్ల చింతపండు కూడ అన్ని రోజులు ఆగదు.

కింద ఇటుకలు పేర్చిండు, మట్టి తడి అంటకుండ.
ఒక వరుస అడ్డం, ఒక వరుస నిలువు,
నడుమ గాలి తిరగనీకి సందులు.
పైన మాత్రమే కప్పు, పక్కలు ఇడిసిపెట్టు అన్నడు.
కప్పనీకి దొరికింది
ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ.
వానకాలమంతా ఆ మొఖం
మొక్కుకుంట, నవ్వుకుంట, తడిసింది.

నాకు నమ్మకం కుదరక
ఒక చీలిక మీద చాక్‌పీసుతోని ఒకటి అని రాసి
కొట్ల తరాజుల పెట్టిన.
ఐదు కిలోల నాలుగు వందలు.
ఉద్దెర బుక్కుల ఖాళీ పేజీ చూసి
పైన పేరు రాసిన: చింతమొద్దు.
ఎదురు పేజీ గౌస్ మియాది.

జూన్: ఐదు కిలోలకు వంద తక్కువ.
మంచి గిరాకి, చెప్పకుండనే కడుతున్నది.
జూలైల ముసురు పట్టి
ఐదు దాటి యాభై గ్రాములు పెరిగింది.
కట్టినట్టే కట్టి మళ్ల తీస్కపోయేటోళ్లు
బస్తీల ఎంతమంది లేరు!
ఎదురు పేజీల గూడ అదే ముసురు.
పని లేదు గౌస్ మియాకు.
చాయపత్తి, చక్కెర, పావుకిలో పెసరపప్పు,
మళ్ల చాయపత్తి.

దీపావళికి నాలుగుంబావు.
కొసలకు నెర్రెలిచ్చినయి, ఎండకాలం మడమల లెక్క.
బెరడు దానంతటదే ఊడి
దాని కింద పురుగులు గీసిన దారులు,
మా బస్తీ గల్లీల లెక్కనే, ఏదీ సక్కగ లేదు.

ఒక రాత్రి లెక్క చూసుకుంట ఆగిపోయిన.
కిలోకు పైన నీళ్లు ఎటువోయినయి?
ఆ మలుపుల మంచినీళ్ల పైపు
నా పెండ్లినాటి సంది కారుతనే ఉంది.
ఎన్ని దరఖాస్తులు పెట్టినం.
మేము బిందెలు పట్టుకొని కొట్లాడుకుంటుంటే
ఇది కింద నుంచి సప్పుడు గాక తాగింది.
ఇప్పుడు తాగినదంతా
ఎవల్నీ అడగకుండ గాలికి ఇస్తున్నది.
నా పెరట్ల, నా చీరెల మధ్య.

ఫిబ్రవరి: మూడు కిలోల నాలుగు వందలు.
మార్చి: మూడు కిలోల నాలుగు వందలు.
ఏప్రిల్‌ల మూడుసార్లు తూచిన.
ముల్లు కదల్లే.

గౌస్ మియాను పిలిపించిన.
రెండు చీలికలు తీసి చెవికాడ కొట్టిండు.
పోయినేడు దుప్పటి మీద గుద్దినట్టున్న సప్పుడు
ఇప్పుడు బడిగంట లెక్క టంగుమన్నది.
"ఇగ కాలుతది."

ఒకటో నంబరు చీలికనే ముందుగాల పెట్టిన.
పొగ లేదు. నీలంగ, నిదానంగ,
ఎవలికీ బాకీ లేనట్టు మండింది.
బాయిలర్ల నీళ్లు గునగున మొదలువెట్టినయి.
పైపు నీళ్లే, ఆ మలుపుల నుంచి వచ్చేయే.

పోయినేడు కొట్టిన కట్టె కూలి కింద
గౌస్ మియా పేజీ మీద అడ్డంగ గీత కొట్టిన.
చూసిండు. గొడ్డలి భుజానికెత్తిండు.
గడప దాటబోయి వెనక్కి మళ్లి
"చాయపత్తి వంద గ్రాములు ఇస్తవా, రాసుకో" అన్నడు.

పొట్లం కట్టి,
చింతమొద్దు పేజీల కింద చోటుంటే
ఆడనే రాసిన.